బిజినెస్ కోసం పుస్తకం వేయించడం: నిజంగా పనికొస్తుందా?

అంట్లమొక్క (కడియం)
అందరికీ నమస్కారమండి. మాది కడియం పక్కన నర్సరీ, నాన్నగారి కాలం నుంచి ఉన్నదే. హోల్‌సేల్ లారీల్లో ఎలాగూ పోతుంది, దాని గురించి కాదు. ఈమధ్య హైదరాబాద్, వైజాగ్ అపార్ట్‌మెంట్లవాళ్ళు మిద్దె తోటలకి మొక్కలు పార్సిల్లో అడుగుతున్నారు, ఆ రిటైల్ కొంచెం పెంచుదామని. వాట్సాప్‌లో రోజూ అవే ప్రశ్నలండి, నిమ్మకి పూత నిలవట్లేదు, మల్లె గుబురుగా ఉంది కానీ మొగ్గ లేదు, కుండీలో మట్టి రాయిలా అయిపోయింది... చెప్పిందే చెప్పి నోరు నొప్పెడుతోంది. మా బావమరిది ఏమన్నాడంటే ఇవన్నీ పుస్తకంగా వేయించు బావా, నీకు పేరూ వస్తుంది మొక్కలూ అమ్ముడవుతాయి అని. సరే అని ఒక పబ్లిషింగ్ కంపెనీకి ఫోన్ చేస్తే సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని పెళ్ళి క్యాటరింగ్‌లా ప్యాకేజీలు చదివేశారు, ప్లాటినంలో "బెస్ట్‌సెల్లర్ అవార్డు" కూడా ఉందంట, పుస్తకం ఇంకా రాయనే లేదు! అసలు పుస్తకం వల్ల బిజినెస్ పెరుగుద్దా? పెరిగేదైతే ఎన్ని పేజీలు, ఎన్ని కాపీలు, ఎక్కడ వేయించాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఓరుగల్లు శీను
అన్నా ఈ కాలంల పుస్తకం ఎవరు చదువుతున్నరే. మంచిగ యూట్యూబ్ పెట్టుకో, ఫోన్ పట్టుకొని తోటల నిలబడి మాట్లాడు, పైసా ఖర్చు లేదు. మాది సోలార్ లైను. మా లైన్లనే ఒకాయన పుస్తకం ఏసిండు, సగం పేజీలు ఆయన ఫొటోలే, ఎమ్మెల్యేతోని దిగినవి, సన్మానం శాలువతోని దిగినవి. అవన్నీ గోదాంల బ్యాటరీల పక్కన ఉన్నయ్ ఇప్పటికీ.

పాత కాగితం
శీను గారూ ఆయన వేసింది పుస్తకం కాదండి, పెళ్ళి ఆల్బం. దాన్ని చూసి పుస్తకాల మీద తీర్పు ఇచ్చేస్తే ఎలా. వ్యాపారం కోసం పుస్తకం వేయడం కొత్తేం కాదు. టైర్లమ్మే మిషెలిన్ వాళ్ళు 1900లో ఫ్రాన్స్‌లో కార్లున్నవాళ్ళకి ఉచితంగా ఒక గైడు పంచారు, టైరు ఎలా మార్చాలి, పెట్రోలు ఎక్కడ దొరుకుద్ది, ఎక్కడ తినొచ్చు అని. జనం ఎక్కువ తిరిగితే టైర్లు అరుగుతాయి కదా, అదీ లెక్క. 1920 నుంచి దానికి ధర పెట్టి అమ్మారు. గిన్నిస్ రికార్డుల పుస్తకం 1955లో వేసింది ఒక బీరు కంపెనీ, పబ్బుల్లో తాగుతూ కూర్చున్నవాళ్ళ వాదనలు తేల్చడానికి.

మన దగ్గరా ఉంది. మద్రాసులో కేసరి కుటీరం అని ఆయుర్వేద మందుల కంపెనీ, ఆడవాళ్ళ మందు లోధ్ర వాళ్ళదే, ఆ కేసరి గారే 1928 నుంచి గృహలక్ష్మి అని స్త్రీల పత్రిక నడిపారు. మందు ఎవరు కొంటారో పత్రిక కూడా వాళ్ళకే, చూశారా. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిది కొంచెం తిరగేసిన కథ, 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టి, సంగీత కచేరీల్లో ఊరికే పంచి అలవాటు చేసి, ఆ సంపాదనతో 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. నేను చెప్పొచ్చేదేంటంటే వీటిల్లో నిలబడ్డవన్నీ చదివేవాడి అవసరం కోసం వేసినవే, ఓనరు ఫొటో కోసం వేసినవి కాదు.

బెజవాడ ఆఫ్‌సెట్
అంట్లమొక్క గారూ, ప్రెస్సు వైపు నుంచి చెప్తా, కొంచెం పెద్దదే అవుద్ది.

ముందు సైజు. మామూలుగా తెలుగు పుస్తకాలకి డెమ్మీ 1/8, అంటే సుమారు ఐదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాలు. ఫారం అంటే ఒక పెద్ద షీటు మడిస్తే వచ్చే 16 పేజీలు, కాబట్టి 96, 112, 128 ఇలా ఫారాల్లో ఆలోచించండి. 117 పేజీలు వచ్చిందని తీసుకొస్తారు, మిగతా తెల్ల పేజీలకి కూడా మీరే డబ్బులు కడతారు. మీకు 112 చాలు, ఇంకా తక్కువైనా తప్పు లేదు. లోపల 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్‌లితో, అంటే మామూలు తెల్ల కాగితం, కవరు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, అంటే నున్నటి మందపు అట్ట, పైన మెరవని ప్లాస్టిక్ పొర, మ్యాట్ లామినేషన్ అంటాం. పురుగులు, తెగుళ్ళ ఫొటోలు రంగుల్లో కావాలి కదా, పుస్తకం అంతా కలర్ వేయకండి, నడుమ 8 పేజీలు ఆర్ట్ పేపర్ మీద కలర్ పెట్టి మిగతాది నలుపు తెలుపు వేస్తే ఖర్చు చాలా దిగుద్ది.

బైండింగ్ దగ్గర మాత్రం పీనాసితనం చెయ్యొద్దు. పర్‌ఫెక్ట్ బైండింగ్ అంటే గమ్ము అంటించేదే, అందరూ అదే ఇస్తారు, కానీ మీ పుస్తకం డాబా మీద ఎండలో తెరిచి మట్టి చేతుల్తో చూసేది, గమ్ము ఎండి పేజీలు ఊడతాయి. సెక్షన్ కుట్టు, అంటే ఫారాల్ని దారంతో కుట్టి, ఆపైన గమ్ము పెట్టమనండి. కొంచెం ఎక్కువవుద్ది, అవనీండి.

ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లు చేసి అచ్చువేసే పద్ధతిలో, ఆ ప్లేట్ల ఖర్చు 100 వేసినా 1000 వేసినా ఒకటే, అందుకే ప్రెస్సువాళ్ళం (నాతో సహా) వెయ్యి వేయించుకోండి సార్ కాపీ రేటు తగ్గుద్ది అంటాం. తగ్గే మాట నిజమే. కానీ అటక మీదున్న కాపీకి రేటు ఎంత తగ్గితే ఏం లాభం? మొదటిసారి డిజిటల్‌లో (ప్లేట్లు లేకుండా కంప్యూటర్ నుంచి నేరుగా ప్రింటు) రెండొందలు వేయించి, తప్పులు దిద్దుకుని, అడిగేవాళ్ళుంటే అప్పుడు ఆఫ్‌సెట్‌కి రండి. నా వ్యాపారం నేనే పాడు చేసుకుంటున్నా, మా పార్ట్‌నర్ చూడకపోతే చాలు.

ఇంకోటి, డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చడం. మీరు ఫోన్లో టైప్ చేసేది యూనికోడ్, మా దగ్గర చాలామంది డీటీపీవాళ్ళు ఇంకా పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్లో అనూ ఫాంట్లే, అవి యూనికోడ్ కాదు. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, ఎక్కడ పోయిందో తెలీదు. ప్రూఫ్ స్క్రీను మీద కాకుండా కాగితం మీద తీసి, మొక్కల గురించి బొత్తిగా తెలియనివాళ్ళతో ఒకసారి చదివించండి. పని అయ్యాక పీడీఎఫ్ ఒక్కటే కాదు, ఓపెన్ ఫైలు (మార్పులు చేసుకోగలిగేది) కూడా అడిగి తీసుకోండి, రెండో ముద్రణకి వేరే ప్రెస్సుకి వెళ్ళాలన్నా కావాలి.

అంట్లమొక్క
అబ్బో చాలా థ్యాంక్సండి. ఐఎస్‌బీఎన్‌కి, అదే పుస్తకం గుర్తింపు నంబరుకి, డబ్బులవుతాయని ఆ ప్యాకేజీవాళ్ళు అన్నారు, ఎంతవుద్ది?

బెజవాడ ఆఫ్‌సెట్
సున్నా. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ అని కేంద్ర విద్యాశాఖ కింద ఉంది, వాళ్ళ పోర్టల్లో రచయితే సొంతంగా రిజిస్టరై ఉచితంగా తీసుకోవచ్చు. ప్యాకేజీవాడు తనకున్న నంబర్లలో ఒకటి ఇస్తాడు, అప్పుడు రికార్డులో పబ్లిషర్ వాడే. మీ నర్సరీ పేరు పబ్లిషర్‌గా ఉండాలంటే మీరే అప్లై చేయండి, టైమ్ పట్టుద్ది కాబట్టి కవర్ డిజైన్ అప్పుడే మొదలెట్టండి.

డాలస్ బాబాయ్
ఇక్కడ అమెరికాలో ఒక్క ఐఎస్‌బీఎన్ 125 డాలర్లు, మీరు అదృష్టవంతులు. మా ఊళ్ళో రియల్టర్లు, డెంటిస్టులు, టాక్స్ చేసేవాళ్ళు ప్రతివాడికీ ఒక పుస్తకం ఉంది, ఫస్ట్ మీటింగ్‌లో విజిటింగ్ కార్డు బదులు అది చేతిలో పెడతారు. కార్డు పారేస్తాం, పుస్తకం పారేయబుద్ధి కాదు కదా. బాబూ నువ్వు ఈ-బుక్ కూడా పెట్టు, అమెజాన్ వాళ్ళ కిండిల్‌లో పెడితే మేమూ కొంటాం.

బెజవాడ ఆఫ్‌సెట్
బాబాయ్ గారూ అక్కడే పేచీ. కిండిల్ వాళ్ళ సెల్ఫ్ పబ్లిషింగ్‌లో హిందీ, తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీ పెట్టారు గానీ తెలుగు పెట్టలేదు. ఇన్ని కోట్లమందిమి ఉండి ఏం లాభం. గూగుల్ ప్లే బుక్స్‌లో తెలుగు పుస్తకాలు పెట్టుకోవచ్చు.

ఓరుగల్లు శీను
డాలస్ల చదివి ఏం జేస్తరు, కడియం మొక్క డాలస్‌కు పార్సిల్ పోతదా?

డాలస్ బాబాయ్
పోదు బాబూ, కస్టమ్స్‌వాళ్ళు ఊరుకోరు. కానీ మా అమ్మ హైదరాబాద్‌లో ఒక్కతే ఉంటుంది, డాబా మీద వంకాయలు వేస్తుంది, ఆవిడకి నేను ఇక్కడి నుంచే ఆర్డర్ పెడతా. పుస్తకం, దాంతోపాటు ఒక పది మొక్కలు, మట్టి, కుండీలు కలిపి ఒక సెట్టుగా అమ్మితే ఎన్నారై పిల్లలందరూ అమ్మానాన్నలకి పంపిస్తారు. ఇది ఆలోచించు.

అంట్లమొక్క
ఇది నాకు తట్టలేదండి బాబాయ్ గారూ! రాసుకుంటున్నా.

అద్దె కలం
నేను వేరేవాళ్ళ పేరు మీద పుస్తకాలు రాసిపెడుతుంటాను, ఎక్కువగా వ్యాపారస్తులకే. ప్రింటింగ్ గురించి అందరూ చెప్పారు, లోపల ఏముంటుందో ఎవరూ అడగలేదు 🙂 తమ్ముడూ ఏదైనా ఒక ప్రశ్నకి నువ్వు పుస్తకంలో ఎలా రాస్తావో ఇక్కడ పెట్టు, చూద్దాం.

అంట్లమొక్క
మల్లె గురించి రాసింది పెడుతున్నానక్కా, నవ్వొద్దు.

"ప్రకృతి మాత ఒడిలో విరిసిన సుగంధ సామ్రాజ్ఞి మల్లె. వేసవి సాయంత్రాలలో మనసులను మైమరపించే ఈ సుమబాలను ఇష్టపడని వారుండరు. నేటి కాంక్రీట్ అరణ్యంలో మల్లెను పెంచుకోవడం ఒక మధురానుభూతి. మా నర్సరీలో అన్ని రకాల మేలైన మల్లె అంట్లు సరసమైన ధరలకు లభించును."

అద్దె కలం
నవ్వలేదు, కానీ ఇందులో మొగ్గ ఎందుకు రావట్లేదో ఎక్కడుంది? అడిగినావిడ ప్రశ్న అది కదా. సామ్రాజ్ఞి, సుమబాల, కాంక్రీట్ అరణ్యం మొత్తం కొట్టేయ్. ఆవిడకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడితే ఏం చెప్తావో అది చెప్పినట్టే రాసి పెట్టు.

అంట్లమొక్క
సరే ఇంకోసారి.

"మల్లెకి ఆకులు బాగా ఉండి మొగ్గ లేదంటే మూడు చూడండి. ఒకటి, ఎండ. రోజంతా కాకపోయినా సగం రోజన్నా నేరుగా ఎండ తగలాలి, బాల్కనీలో నీడన ఉంటే ఆకులే వస్తాయి. రెండు, ఎరువు. ఆవు పేడ ఎరువు, యూరియా తెగ వేస్తే కొమ్మ పొడుగ్గా సాగుద్ది గానీ పూత రాదు. మూడు, కత్తిరింపు. పాత కొమ్మకి కాదు, కొత్త చిగురుకి మొగ్గ వస్తుంది. నవంబర్ నెలాఖరు నుంచి నీళ్ళు తగ్గించేసి, మొక్కని నేల నుంచి అడుగున్నర ఎత్తుకి కత్తిరించి, ఉన్న ఆకు దూసేయండి. బోసిగా కనిపిస్తుంది, భయపడొద్దు, చచ్చిపోలేదు. తర్వాత పైమట్టి తీసి ఎరువు కలిపి మళ్ళీ నీళ్ళు మొదలెడితే చిగురుతో పాటు మొగ్గ వస్తుంది. వేసవి మధ్యలో కొత్త మల్లె కొని పార్సిల్ తెప్పించుకోకండి, మా దగ్గరైనా సరే, దారిలో వాడిపోద్ది, వానలు పడ్డాక తీసుకోండి."

అద్దె కలం
ఇదే పుస్తకం. ఆ చివరి ముక్క ఉంది చూడు, మా దగ్గరైనా సరే ఇప్పుడు కొనకండి అన్నది, మొదటి దాంట్లో "సరసమైన ధరలకు లభించును" కంటే అదే నీకు ఎక్కువ అమ్మిపెడుతుంది. ఇలాంటివి ఇంకో అరవై రాయి. కుండీలో అసలు పెంచకూడనివి ఏంటో కూడా ఒక చాప్టర్ పెట్టు, ఏ నర్సరీవాడూ చెప్పడు ఆ సంగతి. వాట్సాప్ పాత చాట్లు తీసి, ఏ నెలలో ఏ ప్రశ్న ఎక్కువ వస్తుందో చూసుకుని నెలల వారీగా పేర్చు, ఇక విషయసూచిక గురించి కొట్టుకోవక్కర్లేదు. ముందుమాట ఎమ్మెల్యేతో రాయించకు, పదేళ్ళుగా నీ దగ్గర కొంటున్నావిడ ఎవరైనా ఉంటే ఆవిడతో ఒక పేజీ రాయించు.

నీకు నాలాంటివాళ్ళు అవసరం లేదు కానీ చదివే మిగతావాళ్ళకి ఒక మాట. ఎవరితోనైనా రాయిస్తే నోటిమాట మీద పోవద్దు, కాగితం రాసుకోండి. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం హక్కులు మీకు బదిలీ అవ్వాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళే, ఏ ప్రాంతమో రాయకపోతే ఇండియా వరకే అని సెక్షన్ 19లో ఉంది. చాలామంది కట్టిన డబ్బు రసీదు చూపించి పుస్తకం నాదే అంటారు, రసీదు సరిపోదు.

ఓరుగల్లు శీను
అక్కా ఈ రెండోది మంచిగున్నది, ఒప్పుకుంటున్న. కాని గంత కష్టమెందుకు, చాట్‌జీపీటీకి చెప్తే పావుగంటల పుస్తకం ఇస్తది కదా.

అద్దె కలం
ఇస్తుంది. ఆ మొదటి మల్లె లాంటిది ఇస్తుంది.

పిల్లల డాక్టర్
కర్నూలు నుంచి, ఒక జాగ్రత్త చెప్పి పోతాను. కడియం వెళ్ళినప్పుడు ఇన్సులిన్ మొక్క అని ఒకటి అమ్ముతుంటే చూశాను, ఆకు నమిలితే షుగర్ తగ్గుతుందని బోర్డు. దయచేసి అది పుస్తకంలో పెట్టొద్దు. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం 1954 అని ఉంది, షుగర్, క్యాన్సర్ లాంటివి నయమవుతాయని ప్రకటన ఇస్తే నేరం. శాస్త్రీయంగా రాసిన పుస్తకాలకి మినహాయింపు ఉంది నిజమే, కానీ అమ్మేవాళ్ళే రాసి పక్కన రేటు వేస్తే అది పుస్తకమా ప్రకటనా అని అడుగుతారు. చట్టం సంగతి పక్కన పెట్టినా, అది చదివి మాత్రలు మానేసేవాళ్ళుంటారండి, మేం చూస్తుంటాం.

మా డాక్టర్లకైతే ఇంకా ఇబ్బంది, ప్రజారోగ్యం మీద సొంత పేరుతో రాయొచ్చు గానీ పేషెంట్లని పిలుచుకునేలా ఉండకూడదని మా 2002 నాటి రెగ్యులేషన్లలో ఉంది. నేనూ టీకాల మీద చిన్న పుస్తకం వేద్దామని ఆ గీత ఎక్కడుందా అని చూసుకుంటున్నా.

లెక్కల మాస్టారు
మా సీఏలకీ అంతే మేడమ్. పుస్తకం మీద చార్టర్డ్ అకౌంటెంట్ అనీ ఫర్మ్ పేరూ వేసుకోవచ్చు, మా ఘనకార్యాలు రాసుకోకూడదు. లాయర్లకి మరీ కష్టం.

అంట్లమొక్క గారూ, అచ్చు పుస్తకం అమ్మితే జీఎస్టీ లేదు. అలాగని ప్రెస్సు బిల్లులో కట్టిన జీఎస్టీ వెనక్కి తెచ్చుకుందామంటే కుదరదు, అమ్మేదాని మీద పన్ను లేనప్పుడు క్రెడిట్ రాదు. ఊరికే పంచినా రాదు. అది ఖర్చులో కలిపేసుకోండి. ప్రెస్సు బిల్లు నర్సరీ పేరు మీద ఉంటే వ్యాపార ప్రచారం ఖర్చు కింద చూపించుకోవచ్చు, మీ సొంత పేరు మీద తీసుకుని తర్వాత నన్ను ఇబ్బంది పెట్టకండి (నన్ను అంటే మీ ఆడిటర్‌ని).

అంట్లమొక్క
పోస్టులో పంపితే చవకంట కదండి, బుక్‌పోస్ట్?

పాత కాగితం
బుక్‌పోస్ట్ 2024 డిసెంబర్‌లో ఎత్తేశారండి, మా పుస్తకాల పిచ్చోళ్ళందరం ఏడ్చాం. తర్వాత 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు, 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పైన టాక్సు. మీ 112 పేజీల పుస్తకం 150 గ్రాములు కూడా రాదు కాబట్టి బరువు సమస్య కాదు. కానీ అసలు మెలిక వేరే ఉంది. అది చదువు, సంస్కృతి, మతం పుస్తకాలకి. వ్యాపార ప్రకటనలున్నవి, వ్యాపారానికి వేసినవి దాంట్లో పంపకూడదు. కాబట్టి ప్రతి పేజీ కింద నర్సరీ ఫోన్ నంబరు, వెనక అట్ట మీద డిస్కౌంట్ కూపన్ వేశారో, కౌంటర్ దగ్గర ఆపేస్తారు.

ఓరుగల్లు శీను
మరి నంబరు లేకుంటే బిజినెస్ ఎట్లొస్తదే? పుస్తకం చదివి పక్క నర్సరీల కొంటరు.

బెజవాడ ఆఫ్‌సెట్
పబ్లిషర్ అడ్రస్ పేజీలో నర్సరీ పేరు, ఊరు, నంబరు ఎలాగూ ఉంటాయి. చివరి పేజీలో ఒక చిన్న క్యూఆర్ కోడ్, స్కాన్ చేస్తే కత్తిరింపు వీడియో. నీ యూట్యూబ్ మాట కూడా అక్కడ తీరుద్ది శీనూ. అంతకన్నా వేస్తే కరపత్రం అవుద్ది.

అద్దె కలం
నేనైతే పోస్టు సంగతే వదిలేయమంటా. మొక్కల పార్సిల్ వెళ్తుంది కదా, అందులోనే పెట్టు.

లెక్కల మాస్టారు
ఊరికే పెట్టొద్దు. అట్ట మీద ధర వేయండి, 100, 120 ఎంతైనా. ధర ఉన్నదాన్ని ఫ్రీగా ఇస్తే కానుక, ధర లేనిదాన్ని ఇస్తే పాంప్లెట్.

డాలస్ బాబాయ్
మాస్టారుతో నేను ఒప్పుకోను. ఫ్రీగా ఇచ్చేదానికి ధర వేయడం ఎందుకు, మన జనం 120 పెట్టి మొక్కల పుస్తకం కొంటారా?

పాత కాగితం
కొంటారు బాబాయ్ గారూ, మీరు వెళ్ళి చాలా ఏళ్ళయినట్టుంది. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, ఎన్టీఆర్ స్టేడియంలో, ఒకసారి వచ్చి వంటలు, వ్యవసాయం స్టాళ్ళ దగ్గర నిలబడి చూడండి. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. సొంత స్టాలు ఒక్క పుస్తకానికి దండగ, ఏదో ఒక షాపువాళ్ళ కౌంటర్లో కమీషన్ మీద పెట్టించుకోవాలి. అసలు ఈయనకి వాటికన్నా నెక్లెస్ రోడ్‌లో పెట్టే నర్సరీ మేళా మంచిది, అక్కడికొచ్చినవాళ్ళందరూ మొక్క కొనేవాళ్ళే. అన్నట్టు వేశాక కలకత్తా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ పంపడం మర్చిపోకండి, మద్రాసు కన్నెమరా, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకి కూడా, డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం 1954 ప్రకారం నెల లోపల పబ్లిషర్ పంపాలి. ఎవరూ పంపరు, అది వేరే సంగతి.

అంట్లమొక్క
అందరికీ దండాలండి. ప్లాటినంవాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు, ఇవాళ సంతకం పెడితే అవార్డుతో పాటు శాలువా కూడా అంట, వద్దని చెప్పేశా. ముందు అరవై ప్రశ్నలు రాస్తా, డిజిటల్‌లో రెండొందలు వేయించి వెయ్యి రూపాయలు దాటిన పార్సిల్లో ఒకటి పెడతా, ధర 120 వేస్తా (బాబాయ్ గారు క్షమించాలి). బాబాయ్ గారి సెట్టు దసరాకి చూస్తా. కవరు మీద నాన్నగారు అంటు కడుతున్న ఫొటో వేద్దామని ఉంది, ఫోన్లో తీసిందే, పనికొస్తుందాండి?

బెజవాడ ఆఫ్‌సెట్
వాట్సాప్‌లో పంపిందైతే పనికిరాదు, నలిగిపోయి ఉంటుంది. ఫోన్లో ఒరిజినల్ ఫైలు మెయిల్ చెయ్యండి, చూసి చెప్తా. ముఖం మాత్రమే కాకుండా చేతులు, అంటు కనపడేదే పంపండి.

ఓరుగల్లు శీను
అన్నా నాకొక యాభై కాపీలు పెట్టు, పైసలు పంపుత. సోలార్ పెట్టించుకున్నోళ్ళ డాబా అంతా ప్యానెల్సే అయితయి, ఇంట్లో ఆడోళ్ళు నా మొక్కలెక్కడ పెట్టాలె అని నన్నే తిడుతున్నరు. ప్యానెల్ కింద నీడల ఏం పెరుగుతయో ఒక చాప్టర్ రాయి.

అంట్లమొక్క
తమలపాకు, పుదీనా, కొత్తిమీర, అల్లం వస్తాయండి. స్టాండు ఎంత ఎత్తు పెడతారు మీరు? నాలుగడుగులన్నా ఉంటే కరివేపాకు కూడా కత్తిరించుకుంటూ పెంచొచ్చు, కొలతలు, ఒక ఫొటో పెట్టండి.

ఓరుగల్లు శీను
ఒక దిక్కు ఆరడుగులు, ఇంకో దిక్కు నాలుగు. రేపు సైటుకు పోయినప్పుడు ఫొటో తీసి పెడత.